ముడి నుంచి ముడికి ముప్పై రెండు గంటలు

మా మేనత్తకి దూరమంటే గంటలే. ఏ ఊరి మాట వచ్చినా అది ఎన్ని కిలోమీటర్లో ఆమెకి పట్టేది కాదు. "ఎన్ని గంటలు?" అని అడిగేది. ఆరు అని చెబితే అక్కడితో వదిలేది కాదు. "ఎక్కణ్ణించి ఎక్కడికి ఆరు? బండి కదిలిన దగ్గర్నించా, నువ్వు చెప్పులేసుకున్న దగ్గర్నించా?" చుట్టాలు వచ్చి కూర్చుని ఇంకా చెమట తుడుచుకోకముందే ఈ విచారణ మొదలయ్యేది. అందుకే అందరూ ఆమెని గంటలత్త అనేవారు. చాటుగా కాదు, ఎదురుగానే అనేవారు. "కిలోమీటరత్త అనలేదు, అదే సంతోషం," అనేది ఆమె.

ఆమె పోయి ఈ నెలతో ఏడాది. తలుచుకున్నప్పుడల్లా నాకు ముందు కోపం వస్తుంది. ఏడుపు దాని వెనకాల, ఆలస్యంగా వస్తుంది.

మా నాన్నది రంగు చేపల షెడ్డు. రేకుల కప్పు కింద రెండు వరసల సిమెంటు తొట్లు, గోడ పొడుగునా అద్దాల తొట్లు, ఎప్పుడూ ఆగని గాలి పంపుల రొద. చివర ప్యాకింగు గది. అందులో ఒక బల్ల, ఒక ఆక్సిజన్ సిలిండరు, కప్పు దాకా పేర్చిన థర్మోకోల్ పెట్టెలు, ఒక గోడ గడియారం. ఆ గది అత్తది. ఆమె నాన్నకి అక్క, నాలుగేళ్ళు పెద్ద. మామయ్య పోయాక ఇక్కడికి వచ్చి ఇరవై ఆరేళ్ళు చేపల్ని సంచుల్లో కట్టింది. పక్క గదిలో ఆర్డర్లు, ఫోన్లు, కాగితాల పని నాది.

చేపల్ని కట్టడం చూడ్డానికి సులువు. సంచిలో మూడో వంతు నీళ్ళు, చేపలు, మిగతాదంతా గాలి, మూతికి రబ్బరు బ్యాండు. కానీ అంతకు ముందు రెండు రోజులు వాటికి మేత ఆపాలి, లేకపోతే దారిలో నీళ్ళు పాడుచేసుకుంటాయి. సంచి మూలలు మడిచి టేపు వెయ్యాలి, లేకపోతే చిన్నవి మూలలో ఇరుక్కుని నలిగిపోతాయి. అన్నిటికంటే ముందు, ఆ గాలి ఎన్ని గంటలకి సరిపోవాలో కట్టే మనిషికి తెలియాలి. గంటలు తెలిస్తేనే సంచికి ఎన్ని చేపలో తెలిసేది. అత్త ఎడమ చేతికి మణికట్టు నుంచి మోచేయి దాకా రబ్బరు బ్యాండ్లు గాజుల్లా ఉండేవి. సంచి మూతి మెలిపెట్టి, మడిచి, బ్యాండు నాలుగు చుట్లు తిప్పి ముడి బిగించేది. బిగించి, తల ఎత్తి గడియారం చూసేది.

ఆమె కొలత అక్కడ మొదలయ్యేది. ఎక్కడో ఒకరు ఆ ముడి విప్పినప్పుడు పూర్తయ్యేది. "ముడి నుంచి ముడికి" అనేది. మధ్యలో వ్యాను, గోడౌను, తూకం, వరస, విమానం, మళ్ళీ గోడౌను, టీకి వెళ్ళి తిరిగిరాని గుమాస్తా, అన్నీ అందులోవే. ప్యాకింగు గది గోడ మీద నీలం పెయింటుతో ఊళ్ళ పేర్లు రాసి పక్కన అంకెలు వేసింది. ఓడరేవు ఊరికి పద్నాలుగు. కొండ ఊరికి ఇరవై ఒకటి. విమానం గంటా పది నిమిషాల్లో దిగే ఊరికి ఆ గోడ మీద పదకొండు ఉండేది. కొత్తగా వచ్చినవాళ్ళు అది చూసి నవ్వేవారు.

ఈ గంటల పిచ్చి ఆమెకి మామయ్య వల్ల పట్టింది. ఆయన లారీ డ్రైవరు. "ఎనిమిది గంటల్లో ఇంట్లో ఉంటా" అని ఫోన్ చేసి పదహారో గంటకి వచ్చేవాడట. అన్నం వండి, చల్లార్చి, మళ్ళీ వేడిచేసి, మళ్ళీ చల్లార్చి, చివరికి ఆమె ఒక సూత్రం కనిపెట్టింది: మగాడి గంట అంటే రెండు గంటలు. "అబద్ధం కాదే పిల్లా. వాళ్ళు చక్రం తిరిగిందే లెక్కేసుకుంటారు. నిలబడ్డది లెక్కెయ్యరు. ఎదురుచూసేవాళ్ళకి నిలబడ్డదే లెక్క."

ఆమెకి ఇంకో పద్ధతి ఉండేది. దూరపు ఊరికి సరుకు పంపినప్పుడల్లా ఒక సంచి ఎక్కువ కట్టేది. అవే చేపలు, అన్నే చేపలు, అవే నీళ్ళు, అంతే గాలి. దాన్నీ థర్మోకోల్ పెట్టెలో పెట్టి తన బల్ల కింద ఉంచేది. దాని పేరు సాక్షి. అవతలి ఊరి నుంచి "విప్పాం" అని ఫోన్ వచ్చేదాకా సాక్షిని విప్పేది కాదు. ఫోన్ రాగానే కత్తెరతో బ్యాండు కోసి, లోపల ఎన్ని ఎలా ఉన్నాయో చూసి, గోడ మీద అంకె వేసేది. అవతలివాడు "మీ చేపలు చచ్చి వచ్చాయండీ" అంటే, నిజమో కాదో సాక్షి చెప్పేసేది. ఒకసారి ఒక దుకాణదారు సగం చచ్చాయని గోల చేస్తే, అత్త నా చేతిలో ఫోన్ లాక్కుని, "నా దగ్గర ఇరవైకి ఇరవై ఈదుతున్నాయి నాయనా. నీ దగ్గర నీళ్ళలో ఏం కలిపావో గుర్తుచేసుకో," అంది. అవతలివాడు నీళ్ళు నమిలాడు.

ఇక మసితోకలు. అవి అత్త సొంతం. గప్పీలనే మామూలు చిన్న రంగు చేపల్లోంచి ఏరి, జతకట్టి, పిల్లల్లోంచి మళ్ళీ ఏరి, తొమ్మిదేళ్ళకి ఒక రకం తీసింది. ఒళ్ళంతా బూడిద రంగు, తోక మాత్రం విసనకర్రలా విచ్చుకుని గిన్నె అడుగు మసంత నలుపు. ఇంకో రంగు చుక్క కూడా ఉండదు. షెడ్డులో పన్నెండు అద్దాల తొట్లు వాటికోసం తీసుకుంది. నాన్నకి ఆ తొట్ల మీద ఎప్పుడూ కన్నుండేది. "అందరూ ఎర్రవి అడుగుతారక్కా. బూడిద ఎవడిక్కావాలి?" అనేవాడు. "కళ్ళున్నవాడికి," అనేది ఆమె.

కళ్ళున్నవాడు దొరికాడు. చాలా దూరపు నగరంలో పెద్ద దుకాణం ఉన్న వ్యాపారి. నేను పంపిన ఫొటోలు చూసి ఫోన్ చేశాడు. శుక్రవారం వాళ్ళ నగరంలో చేపల ప్రదర్శన ఉంది. మసితోకలు రెండు వందల జతలు కావాలి, పిల్లా పెద్దా మొత్తం కావాలి, ఇంకెవరి దగ్గరా కనబడకూడదు. ప్రదర్శనలో నిలబడితే నెలనెలా తీసుకుంటాడు.

నాన్న అత్తని పిలిచి కూర్చోబెట్టాడు. "విత్తనానికి పది జతలు నువ్వు ఉంచుకో. మిగతావి పంపేద్దాం. ఈ బేరం నిలబడితే ఆ పన్నెండు తొట్లు నీవి, నేను వాటివైపు చూడను. నిలబడకపోతే మాత్రం నన్నేం అనకు. వచ్చే నెల వాటిలో ఎర్రవి వేస్తా."

"ఎన్ని గంటలు?" అంది అత్త.

నాన్న నావైపు చూశాడు. "చూడమ్మా, ఎంత దూరం?"

నేను కంప్యూటర్లో రెండు నగరాల పేర్లూ కొట్టాను. ఒక పేజీ వచ్చింది. గట్టిగా చదివాను. దూరం ఐదు వేల ఎనిమిది వందల అరవై కిలోమీటర్లు. విమాన ప్రయాణ సమయం ఏడు గంటల ఇరవై నిమిషాలు. కింద పటం, దాని మీద రెండు ఎర్ర చుక్కలు, వాటిని కలుపుతూ అందంగా వంగిన ఒక గీత.

"ఏడు గంటలు!" నాన్న చెయ్యి బల్ల మీద చరిచాడు. "కొండ ఊరికంటే నయం!"

"ఏ విమానం?" అంది అత్త.

"విమానం విమానమే. ఏదైతే ఏం?"

"బస్సుకైనా పేరుంటుంది కదరా. ఎన్నింటికి బయల్దేరుతుంది అది?"

నేను పేజీ పైకీ కిందకీ జరిపాను. విమానం పేరు లేదు. బయల్దేరే వేళ లేదు. ఎన్ని మైళ్ళో ఉంది, ఎన్ని సముద్రపు మైళ్ళో ఉంది, అక్కడ ఇప్పుడు ఎండగా ఉందో లేదో కూడా ఉంది.

"లేదత్తా. సమయం మాత్రమే ఇచ్చాడు."

"ఆలూ లేదు, చూలూ లేదు, పిల్లాడికి పేరు మాత్రం పెట్టేశాడన్నమాట," అంది అత్త. "ముప్పై ఆరు గంటలకి కడతా."

"ముప్పై ఆరా! అప్పుడు నలభై పెట్టెలవుతాయి. ఆ వ్యాపారి ఇరవై పెట్టెల కిరాయికే ఒప్పుకున్నాడు." నాన్న వేళ్ళు మడిచాడు. "ఏడుకి రెట్టింపు పద్నాలుగు. నీ భయానికి ఇంకో రెండు. పదహారుకి కట్టు. నీ సూత్రమే కదా, మగాడి గంటకి రెండు గంటలు!"

"నీకు ఆ సూత్రం చాలదురా. నీకు వేరేది కనిపెట్టాలి. వీలైతే ముందు ఒక్క సంచి పంపి చూద్దాం. నేను అన్ని ఊళ్ళకీ అలాగే చేశాను."

"శుక్రవారం ప్రదర్శనక్కా! నీ ఒక్క సంచి వెళ్ళి, కబురొచ్చి, గోడకి పెయింటు ఆరేసరికి అక్కడ షామియానాలు పీకేస్తారు."

అత్త నావైపు తిరిగింది. "నువ్వు చూశావా నీ కళ్ళతో? ఏడూ ఇరవై అని?"

"చూశానత్తా. రాసుంది."

"ఎవరు రాశారు?"

సరుకు ఎక్కించే ఏజెంటుకి ఫోన్ చేశాను. "ఏ విమానమండీ?" అంటే, "ఏదో ఒకటి చూసి ఎక్కిస్తాలెండి, మీకెందుకు, కాగితం తూకం అయ్యాక వస్తుంది," అన్నాడు. నేను అంతటితో ఊరుకున్నాను. ఆ పూట ఇంకో ఫోన్ చేసి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంటాను. ఏడూ ఇరవై అని నిమిషాలతో సహా కళ్ళముందు కనబడుతుంటే ఇంకో ప్రశ్న అడగాలని నాకే అనిపించలేదు.

అత్త ఒప్పుకుంది. తమ్ముడికి లొంగి కాదు, ఆ పన్నెండు తొట్ల కోసం.

మంగళవారం పొద్దున కట్టడం మొదలైంది. సంచికి ఇరవై చేపలు. ముప్పై ఆరు గంటలకైతే పది వేసేది. ఒక్కో సంచీ బల్ల మీద నిలబెట్టి, వేలితో తట్టి, మొహం చిట్లించి పెట్టెలో పెట్టేది. నాన్న తలుపు దగ్గర నిలబడితే, "వెలుతురుకి అడ్డం తప్పుకోరా. కందకు లేని దురద కత్తిపీటకెందుకు," అంది. సరిగ్గా పదకొండింటికి చివరి సంచి ముడి బిగించింది. అది సాక్షి.

అందులో వేసిన చేపలు చూసి నేను గతుక్కుమన్నాను. విత్తనానికి ఉంచుకున్న పది జతలు.

"అత్తా! అవెందుకు? సాక్షికి ఎర్రవి వేస్తే సరిపోదూ?"

"ఎర్రవి ఎర్రవాటి సంగతే చెబుతాయి. నాకు వీటి సంగతి కావాలి."

"పోతే?"

"ఏడు గంటలేగా?" అంది. ఆ మాట నాన్నకి వినబడేట్టు అంది.

వ్యాను వెళ్ళిపోయింది. సాయంత్రం నాలుగింటి విమానానికి ఎక్కిందని ఏజెంటు చెప్పాడు. ఆ లెక్కన రాత్రి పదకొండున్నరకి దిగాలి, పొద్దున కల్లా వ్యాపారి నుంచి ఫోన్ రావాలి.

రాలేదు. బుధవారం ఎనిమిదింటికి నేను షెడ్డుకి వచ్చేసరికి అత్త సాక్షి పెట్టె మూత తీసి, సంచిని చూస్తూ బల్ల ముందు కూర్చుని ఉంది. పెట్టె మూత తియ్యొచ్చు, ముడి మాత్రం విప్పకూడదు. "ఇరవై ఒకటి," అంది నన్ను చూసి. చేపలన్నీ నీటి పైపొరలోకి వచ్చి ఉన్నాయి.

తొమ్మిదింటికి ఏజెంటు కాగితం పంపాడు. రెండు విమానాలు. మొదటిది వేరే దేశంలో ఎక్కడో దిగుతుంది. అక్కడ పద్నాలుగు గంటలు ఆగాలి. తర్వాత రెండోది.

"అదేంటండీ! ఏడు గంటలని..." అన్నాను.

"ఎవరు చెప్పారు మేడమ్? మన దగ్గర్నించి అక్కడికి నేరుగా విమానమే లేదు. ఎప్పుడూ లేదు."

విమానమే లేదు. ఆ పేజీవాడు రెండు చుక్కల మధ్య గీత గీసి, విమానం వేగంతో భాగించి, పైన ఒక అరగంట కలిపి రాశాడు. ఆ గీత మీద ఇంతవరకూ ఒక్క విమానం ఎగరలేదు. నేను దాన్ని నిమిషాలతో సహా చదివి వినిపించాను.

మధ్య ఊరి గోడౌనుకి ఫోన్ చేశాను. పదిసార్లు చేస్తే ఒకసారి ఎత్తారు. 

"ఉన్నాయి మేడమ్. భద్రంగా ఉన్నాయి."

"వాటిలో చేపలున్నాయి. దయచేసి పెట్టెలు విప్పించి కాస్త..."

"సీలు విప్పకూడదు మేడమ్."

"చచ్చిపోతాయండీ!"

"విప్పితే మా ఉద్యోగాలు పోతాయి. మీ సరుకు చెక్కుచెదరలేదు, కంగారుపడకండి." అతను నిజంగానే ధైర్యం చెబుతున్నాననుకున్నాడు. పైగా, "గాల్లో ఉండేది మొత్తం తొమ్మిది గంటలే మేడమ్," అన్నాడు.

నాన్న ఆ విమాన సంస్థ ఆఫీసుకి చేశాడు, వాళ్ళు ఇంకో నంబరిచ్చారు, ఆ నంబరువాళ్ళు మొదటి నంబరే ఇచ్చారు. పదకొండయ్యింది. ఇరవై నాలుగు గంటలు. సాక్షిలో చేపలు నోళ్ళు తెరిచి నీటి పైన వేలాడుతున్నాయి. కొన్ని పక్కకి ఒరిగి, మళ్ళీ సర్దుకుంటున్నాయి. విసనకర్రల్లా ఉండే తోకలు ముడుచుకుపోయి పుల్లల్లా ఉన్నాయి.

"విప్పెయ్ అక్కా," అన్నాడు నాన్న. "నాదే తప్పు. విప్పెయ్."

"అక్కడ విప్పారా?"

"అక్కడ విప్పలేదని ఇక్కడ చంపుకుంటావా?"

"నేను చంపడమేంటి? పదహారుకి కట్టమన్నది నువ్వు."

"అందుకే చెబుతున్నా, నన్ను తిట్టు, కొట్టు, సంచి విప్పు!"

"ఇప్పుడు విప్పితే గోడ మీద ఏం రాయను? ఇరవై నాలుగుకి బతికే ఉన్నాయని రాయనా? రేపు ఇంకోడొచ్చి అది చూసి కడతాడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "గోడ తర్వాత సంగతత్తా. ఇవి పోతే మసితోకలే ఉండవు. తొమ్మిదేళ్ళు!"

"నాకు చెబుతున్నావా తొమ్మిదేళ్ళని?" అంది.

బల్ల మీద కత్తెర ఉంది. నేను దానికోసం చెయ్యి చాచాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది. నీళ్ళలో నానిన చల్లని చెయ్యి. అంత బలముందని నాకు తెలియదు.

"అక్కడ నాలుగు వందలు ఇలాగే నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి," అంది. "వాటికి ఎవరూ విప్పరు. వీటికి మాత్రం అత్త పక్కనుంది కాబట్టి విప్పితే, ఇది సాక్షి ఎట్లా అవుతుందే? చుట్టమవుతుంది."

నేను గదిలోంచి బయటికి వచ్చేశాను. తొట్ల మధ్య అటూ ఇటూ తిరిగాను. ఆమె మొండితనం మీద, ఆ పేజీని నమ్మి చదివిన నా మీద, నాన్న మీద, సీలు విప్పని ఆ గుమాస్తా మీద కోపం. ఎవరిమీదా పూర్తిగా నిలవని కోపం. మూడింటికి లోపలికి వెళ్ళేసరికి ఆడ చేపలు చాలావరకు అడుగున ఉన్నాయి. ఆడవి పెద్దవి, వాటికి గాలి ఎక్కువ కావాలి. అత్త కుర్చీలోంచి లేవలేదు. టీ ఇస్తే తాగలేదు. ఒకసారి మాత్రం సంచి మీద అరచెయ్యి ఆనించి, "ఓపిక పట్టండమ్మా," అంది. తర్వాత నేను విన్నానేమోనని నావైపు చూసింది.

ఏడింటికి ఫోన్ వచ్చింది. "ఇప్పుడే మొదటి పెట్టె విప్పాం," అన్నాడు వ్యాపారి. నేను ఆ మాట పైకి అనేలోపే అత్త గడియారం చూసి, బ్యాండు కోసింది.

అక్కడ నాలుగు వందల్లో అరవై దాకా బతికాయి. అవి కూడా శుక్రవారం పొద్దునకి పోయాయట. ఇక్కడ ఇరవైలో మూడు. మూడూ మగవే. రెండు ఆ వారంలోనే పోయాయి.

అత్త పెయింటు డబ్బా మూత తీసి, గడ్డకట్టిన పొరని పుల్లతో చీల్చి, ఆ నగరం పేరు రాసి, పక్కన 32 వేసింది. బ్రష్షు కడిగి పెట్టింది. తమ్ముణ్ణి ఏమీ అనలేదు. అన్నా బాగుండేది. నాన్న ఆ రోజు ఇంటికి నడిచి వెళ్ళాడు.

నెల తిరిగేసరికి పదకొండు తొట్లలో ఎర్రవి వచ్చాయి. పన్నెండోది ఆమె ఇవ్వలేదు, నాన్న అడగలేదు. మిగిలిన ఒక్క మగ చేపని మామూలు ఆడ గప్పీలతో కలిపి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. మొదటి కాన్పు పిల్లల్లో ఒక్కదానికీ నలుపు సరిగ్గా రాలేదు. పసుపు చుక్కలు, నారింజ గీతలు, సంతలో దొరికే రకాలన్నీ వచ్చాయి. "వీళ్ళ అమ్మవైపు వాళ్ళు బాగా రంగురంగుల మనుషులు," అని ఏరిపారేసింది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం నా గదిలోకి వచ్చి, "ఆ పేజీవాడికి ఉత్తరం రాయొచ్చా?" అని అడిగింది. రాయొచ్చన్నాను. కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పింది. "అయ్యా, మీరు ఏడు గంటల ఇరవై నిమిషాలని రాశారు. అందులో విమానం లేదు. నేను కట్టి చూశాను, ముప్పై రెండు. మార్చగలరు."

పంపాను. నాలుగు రోజులకి జవాబు వచ్చింది. మీ సూచనకి ధన్యవాదాలు, మేము చూపేది రెండు నగరాల మధ్య నేరుగా ఎగిరితే పట్టే సమయం, మా లెక్క సరైనదే.

"సరైనదేనట," అన్నాను.

"సరైనదే మరి," అంది అత్త. "కాకి వెళ్తే అంతే పడుతుంది. కాకితో పంపమన్నామా మనం?" మళ్ళీ రాయించింది. మళ్ళీ అదే జవాబు, అక్షరం తేడా లేకుండా. మూడోసారి రాయించింది. మూడోసారి జవాబు కూడా రాలేదు. "అలిగాడు," అంది.

నేను అప్పుడు అడిగాను. అప్పటిదాకా నాలో కుమిలిన మాట. "ఆ రోజు పదకొండింటికి విప్పి ఉంటే ఈపాటికి తొట్టి నిండా ఉండేవి. ఆ అంకె ఎవరిక్కావాలత్తా? ఆ నగరానికి మళ్ళీ మనం ఎప్పుడు పంపుతాం?"

ఆమె చేతి బ్యాండ్లు ఒక్కోటీ పైకీ కిందకీ జరుపుతూ కూర్చుంది. "కోపంగా ఉందా?"

"ఉంది."

"నాకూ ఉందే," అంది. "తప్పు చేశానేమో కూడా. నాకు కట్టడం, గడియారం చూడ్డం వచ్చు. ఆ పూట ఆ రెండే చేతనయ్యాయి." లేచి వెళ్ళిపోయింది. ఆ విషయం మళ్ళీ మేం మాట్లాడుకోలేదు. నా కోపం అలాగే మిగిలిపోయింది.

ఆ తర్వాత నాలుగేళ్ళు ఉంది. ఆ నాలుగేళ్ళూ షెడ్డులోంచి ఒక్క పెట్టె కూడా గోడ మీద అంకె లేని ఊరికి కదల్లేదు. నాన్న ఎవరితో బేరం మాట్లాడినా ముందు ప్యాకింగు గదిలోకి తొంగిచూసి, "అక్కా, ఎంత?" అని అడిగేవాడు. పన్నెండో తొట్టిలో తోకల్లో నలుపు కొద్దికొద్దిగా మొదలు నుంచి కిందకి దిగుతూ వచ్చింది. "తొమ్మిదేళ్ళు కావాలి," అనేది. "నా దగ్గర ఎక్కడున్నాయి?"

చివరికి ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. ఆసుపత్రిలో మంచం పక్కన సిలిండరు పెట్టి ముక్కుకి గొట్టం పెట్టారు. అత్త తల తిప్పి సిలిండరు మీద ముల్లు చూసింది. నన్ను దగ్గరికి రమ్మని, "ఇది నాలుగింటి దాకే వస్తుంది. ఆవిడకి చెప్పు," అంది. నర్సుకి చెబితే నవ్వింది. "సాయంత్రం దాకా వస్తుందండీ, మాకు తెలుసు." నాలుగుకి పది నిమిషాలుందనగా ముల్లు ఎర్రగీత మీదకి వచ్చింది, నర్సు పరుగెత్తి కొత్తది తెచ్చింది. అత్త ఆవిడవైపు చూడలేదు. నావైపు చూసి కనుబొమ్మ ఎగరేసింది. ఇంకో ఎనిమిది రోజులుంది.

మసితోకల తొట్టి ఇప్పుడు నేను చూస్తున్నాను. ఏరడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను, ఆమెంత కఠినంగా ఏరలేను. ఒళ్ళు బూడిదే. తోకలో నలుపు ఇంకా సగం దాకే.

పోయిన నెల ఫోన్ మోగింది. ఆ దూరపు నగరం వ్యాపారి. నేను గొంతు గుర్తుపట్టలేదు, అతనే చెప్పాడు. ఆ అరవై చేపలూ దుకాణం అద్దాల తొట్లలో ఉన్న ఒక్క రోజులో చూసినవాళ్ళు ఇంకా అడుగుతున్నారట.

"ఉన్నాయా అమ్మా?"

"ఇంకా తయారవలేదండీ. ఐదేళ్ళు పట్టొచ్చు."

"ఐదేళ్ళా! సరే, ఉన్నవే పంపండి, ఓ ఇరవై. దూరమేముంది, ఏడు గంటలేగా? ఇప్పుడే చూశాను, ఏడూ ఇరవై అని ఉంది."

నాన్న నా ఎదురుగా కూర్చుని ఉన్నాడు. మాట వినబడిందనుకుంటాను, తల దించుకున్నాడు. తలుపు తీసి ఉంది, అవతల ప్యాకింగు గది గోడ కనబడుతోంది.

"ముప్పై రెండండీ," అన్నాను. "ముడి నుంచి ముడికి."

"ఏ ముడి?" అన్నాడు అతను.

కుర్చీ దగ్గరికి లాక్కుని, మొదటి నుంచీ చెప్పాను.